జర్మన్ రైతు, పెన్సిల్వేనియా ‘మిలీషియా’: కాన్రాడ్ వైజర్ జీవితం ఆధారంగా ఒక సమాధానం

మీ ప్రశ్న నాకు అర్థమైన మేరకు ముందు చెప్పి, తరువాత జవాబులోకి వెళ్తాను. మీ కోడలి పుట్టింటివారిది పెన్సిల్వేనియాలోని బర్క్స్ కౌంటీ. వారి మూలపురుషుడు 1730ల ప్రాంతంలో జర్మనీ నుంచి ఓడలో వచ్చాడనీ, ఇంగ్లీషువారి పాలన ఉన్న రోజుల్లోనే మిలీషియాలో, అంటే అవసరం పడ్డప్పుడు మామూలు పౌరులే ఆయుధం పట్టే దళంలో, పనిచేశాడనీ ఆ ఇంట్లో తరతరాలుగా చెప్పుకుంటున్నారు. మనవరాలి కోసం ఆ కథను తెలుగులో రాసిపెట్టాలని పూనుకున్నారు కానీ, అమెరికా అనే దేశమే ఏర్పడకముందు ఆ మిలీషియా ఎవరిది, పొలం చేసుకుందామని వచ్చిన రైతు అందులో ఎందుకు చేరాడు, ఎవరితో పోరాడాడు అన్న దగ్గర ఆగిపోయారు. పెన్సిల్వేనియా జర్మన్ కుటుంబాల పాత కాగితాలతో చాలా ఏళ్ళుగా పనిచేస్తున్నవాడిని కనుక ఈ ప్రశ్న నాకు కొత్త కాదు, దీనికి ఒక్క మాటలో జవాబు కూడా లేదు.

ముందుగా తెలుసుకోవలసిన సంగతి ఏమిటంటే, పెన్సిల్వేనియాలో 1777 వరకు నిర్బంధ మిలీషియా చట్టం లేదు. న్యూయార్క్, వర్జీనియా వంటి కాలనీలలో వయసొచ్చిన మగవారంతా సొంత తుపాకీతో కవాతుకు రావాలని చట్టాలుండేవి. పెన్సిల్వేనియాను స్థాపించినవారు క్వేకర్లు. యుద్ధం చేయడం పాపమని నమ్మిన ఆ మతశాఖవారే శాసనసభలో చాలాకాలం పెత్తనం చేశారు కాబట్టి, అక్కడ ఎవరినీ బలవంతంగా సైన్యంలోకి పిలిచే ఏర్పాటు చేయలేదు. అందువల్ల బర్క్స్ కౌంటీ జర్మన్ రైతు 1750లలో మిలీషియాలో పనిచేశాడని ఇంట్లో అంటున్నారంటే, ఆ మాట వెనుక చాలా భిన్నమైన రెండు మూడు సేవలలో ఏదో ఒకటి ఉంటుంది. ఆ తేడా తెలియకుండా కథ రాస్తే మనిషి కనిపించడు, పదవి మాత్రమే మిగులుతుంది.

ఆ తేడాను చూపించడానికి, మీ కోడలి పూర్వీకుడు తప్పకుండా పేరు విని ఉండే ఒక పొరుగువాడి జీవితం చెబుతాను. ఆయన పేరు కాన్రాడ్ వైజర్.

వైజర్ 1696 నవంబరు 2న వుర్టెంబర్గ్ రాజ్యంలో హెరెన్‌బర్గ్ దగ్గరి ఆఫ్‌స్టెట్ అనే పల్లెలో పుట్టాడు. తండ్రి పేరు కూడా కాన్రాడే. ఆయన అశ్వికదళంలో చిన్న పదవిలో పనిచేసి, ఆ తరువాత రొట్టెల వృత్తి చేసుకున్నవాడు. ఫ్రెంచి సేనలు మళ్ళీ మళ్ళీ వచ్చిపడి ఆ ప్రాంతాన్ని దోచుకున్నాయి. పన్నులు పెరిగాయి. ఆ పైన 1708–09 శీతాకాలం యూరప్ మొత్తాన్ని గడ్డకట్టించి ద్రాక్షతోటలను మొదలంటా చంపేసింది. 1709 మే నెలలో తల్లి అన్నా మాగ్డలీనా గర్భవతిగా ఉండగానే కన్నుమూసింది. తరువాతి నెలలోనే తండ్రి పిల్లలను వెంటబెట్టుకుని ఊరు విడిచాడు. ఆ ఏడాది రైన్ నదీ ప్రాంతాల నుంచి సుమారు 13,000 మంది లండన్ చేరి, నగరం బయట మైదానాలలో గుడారాలు వేసుకుని ఉన్నారు. వారిని ఏం చేయాలో తోచక రాణి ఆన్ ప్రభుత్వం దాదాపు 3,000 మందిని 1710లో న్యూయార్క్ కాలనీకి పంపింది. ఓడల్లో జ్వరాలు వ్యాపించి, ప్రయాణంలోనూ దిగిన కొద్ది రోజుల్లోనూ వారిలో వందల మంది చనిపోయారు.

వారిని ఊరికే పంపలేదు. ఓడ ఖర్చుకూ తిండికీ బదులుగా హడ్సన్ నది ఒడ్డున పైన్ చెట్ల నుంచి తారు, కీలు తీసి ఇంగ్లీషు నౌకాదళానికి ఇవ్వాలన్నది ఒప్పందం. ఆ పని సాగలేదు, 1712 సెప్టెంబరులో గవర్నర్ రాబర్ట్ హంటర్ తిండి సరఫరా ఆపేశాడు. మీ ప్రశ్నకు సంబంధించిన మొదటి ఘట్టం ఈ రెండేళ్ళ మధ్యలోనే ఉంది. 1711లో ఫ్రెంచివారి కెనడా మీదికి దండు కట్టినప్పుడు ఈ శిబిరాల నుంచి సుమారు 300 మంది జర్మన్లను తీసుకువెళ్ళారు, వైజర్ తండ్రి అందులో ఒక దళానికి కెప్టెన్. సెయింట్ లారెన్స్ నదిలో ఇంగ్లీషు ఓడలు బండలకు కొట్టుకుని మునిగిపోవడంతో నేలమీది దండు కూడా యుద్ధం చేయకుండానే వెనక్కి తిరిగింది. రావలసిన జీతం ముట్టలేదనీ, తమ దగ్గరే ఉంచుకోవచ్చన్న తుపాకులను తిరిగి లాగేసుకున్నారనీ ఆ జర్మన్లు ఆ తరువాత ఏళ్ళ తరబడి మొరపెట్టుకున్నారు. ఒక జర్మన్ పూర్వీకుడు కాలనీ సైన్యంలో పనిచేశాడన్న మాటకు ఇది ఒక అర్థం. అప్పు తీర్చుకోవడానికి చెట్లు గీసే మనిషి చేతికి తుపాకీ ఇచ్చి, పని అయ్యాక దాన్ని తీసేసుకోవడం. కాగితం మీద మాత్రం అది కూడా సైనికసేవగానే కనిపిస్తుంది.

తిండి ఆగిపోయాక చాలా కుటుంబాలు స్కోహారీ లోయకు వెళ్ళాయి. ఆ లోయ మొహాక్ అనే ఆదివాసి జాతివారిది. 1712 చివర్లో ఒక మొహాక్ పెద్ద కోరగా, తండ్రి పదహారేళ్ళ కాన్రాడ్‌ను భాష నేర్చుకునేందుకు వారి గూడేనికి పంపాడు. ఎనిమిది నెలలు అతడు అక్కడ ఉన్నాడు. కప్పుకోవడానికి సరైన బట్టలు లేక, వారికే తిండి లేని చలికాలంలో ఆకలితో, తాగినవారు కొడతారేమోనని దాక్కుంటూ గడిపిన రోజులను ముసలితనంలో తన స్వీయచరిత్రలో తానే రాసుకున్నాడు. తిరిగి వచ్చేనాటికి మొహాక్ భాష అతని నోట నిలిచింది. తరువాతి యాభై ఏళ్ళ జీవితానికి ఆ భాషే పెట్టుబడి. మన దగ్గర కోటలలోనూ కుంఫిణీ కొలువుల్లోనూ దుబాసీలకు ఎంత పలుకుబడి ఉండేదో తెలిసినవారికి ఈ మాట బరువు అర్థమవుతుంది.

స్కోహారీ భూములకు పట్టాలు వేరేవారి పేరిట వెలువడ్డాయి. న్యాయం అడగడానికి తండ్రి 1718లో లండన్ వెళ్తే దారిలో సముద్రపు దొంగలు దోచుకున్నారు, అక్కడ అప్పుల కింద జైలుపాలయ్యాడు. 1723లో కొన్ని కుటుంబాలు సస్క్వహానా నది మీదుగా దక్షిణానికి దిగి పెన్సిల్వేనియాలోని టల్పహాకెన్ వాగు ఒడ్డుకు చేరాయి. కాన్రాడ్ తన భార్య అన్నా ఈవ్‌తో, పిల్లలతో 1729లో అక్కడికే వచ్చి ఇప్పటి వోమెల్స్‌డార్ఫ్ దగ్గర పొలం చేసుకున్నాడు. వారికి పద్నాలుగు మంది పిల్లలు పుడితే ఏడుగురే పెద్దవారయ్యారు.

ఈ చోట ఒక సంగతి మీ కథలో తప్పకుండా ఉండాలని నా అభిప్రాయం. జర్మన్లు టల్పహాకెన్‌లో దిగేనాటికి ఆ భూమిని లెనాపీ అనే ఆదివాసి జాతివారు ఎవరికీ అమ్మలేదు. వారి పెద్ద సాసూనన్ 1728లో ఫిలడెల్ఫియా వెళ్ళి, అమ్మని నేలలో క్రైస్తవులు ఎలా కాపురం పెట్టారని నిండు సభలో అడిగాడు. కాలనీ ఆ భూమికి 1732లో గానీ డబ్బు చెల్లించలేదు. 1755లో ఏం జరిగిందో చెప్పేటప్పుడు ఈ 27 ఏళ్ళ వెనకటి మాటను వదిలేస్తే, దాడులు ఆకాశం నుంచి ఊడిపడినట్టు కనిపిస్తాయి.

1731 నుంచి వైజర్ పెన్సిల్వేనియా ప్రభుత్వానికి దుబాసీ అయ్యాడు. మొహాక్, ఒనైడా వంటి ఆదివాసి జాతులు కలిసి ఏర్పరచుకున్న ఇరొక్వాయ్ సమాఖ్య తరఫున షామోకిన్ అనే ఊళ్ళో ఉన్న షికెల్లమీ అనే ఒనైడా పెద్దకు అతని మీద గురి కుదిరింది. 1737లో ఇద్దరూ కలిసి మంచుపడిన కొండల మీదుగా ఆ సమాఖ్య పెద్దలు సభ తీరే ఒనొండాగాకు నడిచివెళ్ళారు. ఒకరోజు ఆకలితో, చలితో కాళ్ళాడక వైజర్ ఒక చెట్టు కింద చావడానికి సిద్ధపడి కూర్చుండిపోయాడు. ముందు వెళ్తున్న షికెల్లమీ వెనక్కి వచ్చి కాసేపు మౌనంగా నిలబడి, మంచి రోజులు మనిషిని పాపంలోకి దించుతాయనీ చెడ్డ రోజులు దేవుడి దగ్గరికి తెస్తాయనీ, కనుక చెడ్డ రోజులే మేలనీ చెప్పి లేపాడు. ఈ సంగతిని వైజర్ తన ప్రయాణపు దినచర్యలో రాసుకున్నాడు. ఆ రెండు జాతుల మధ్య తరువాత జరిగినదంతా తెలిసినా, ఆ చెట్టు కింది మాటను నేను ఇప్పటికీ తేలికగా దాటిపోలేను. మధ్యలో కొన్నేళ్ళు అతడు ఎఫ్రాటాలోని మఠంలో ఎనోక్ అనే పేరుతో సన్యాసిగా కూడా ఉన్నాడు. 1741లో మళ్ళీ లోకంలోకి వచ్చి న్యాయాధికారి అయ్యాడు.

1745లో కూతురు అన్నా మరియాను హెన్రీ మెల్‌కియోర్ ముహ్లెన్‌బర్గ్ అనే లూథరన్ పాస్టరుకు ఇచ్చి పెళ్ళి చేశాడు. ఆ అల్లుడు 1748లో నెలకొల్పిన పెన్సిల్వేనియా మినిస్టీరియం అనే సంఘమే, సుమారు వందేళ్ళ తరువాత ఫాదర్ హయ్యర్‌ను మిషనరీగా మన గుంటూరుకు పంపింది. 1842 జూలై 31న గుంటూరు చేరిన ఆ హయ్యర్ కూడా జర్మనీలో పుట్టి, చిన్నతనంలోనే పెన్సిల్వేనియాకు వలస వచ్చినవాడే. మీ మనవరాలికి ఇటువైపు తాతముత్తాతలది గుంటూరు ప్రాంతమని రాశారు కాబట్టి ఈ దారం ఆమెకు నచ్చుతుందనుకుంటాను.

ఇక అసలు సంగతి, 1755. అంతకుముందు ఏడాది ఆల్బనీలో ఇరొక్వాయ్ పెద్దల నుంచి సస్క్వహానాకు పడమటి భూములను పెన్సిల్వేనియా కొన్నది. ఆ బేరంలో మధ్యవర్తి వైజరే. ఆ నేల మీద బతుకుతున్న లెనాపీలనూ, షానీలు అనే మరో ఆదివాసి జాతివారినీ ఎవరూ అడగలేదు. అంతకుముందు 1737లో ‘నడక కొలత’ పేరుతో జరిగిన మోసంలో లెనాపీలు తూర్పున ఉన్న భూమిని పోగొట్టుకుని ఉన్నారు. 1755 జూలై 9న ఇంగ్లీషు జనరల్ బ్రాడక్ సైన్యం ఫ్రెంచివారి, వారితో కలిసిన ఆదివాసుల చేతిలో చితికిపోయేసరికి, లెనాపీలు ఇన్నాళ్ళు అణచుకున్న కోపం బయటికి వచ్చింది. అక్టోబరు 16న పెన్స్ క్రీక్ ఒడ్డున, సరిగ్గా ఆ కొత్తగా కొన్న నేలలో, జర్మన్, స్విస్ కుటుంబాల మీద దాడి జరిగింది. కొందరిని చంపారు, మేరీ లెరాయ్, బార్బరా లైనింగర్ వంటి ఆడపిల్లలను చెరపట్టుకుపోయారు.

దాడులు దగ్గరపడుతున్నాయన్న వార్త పది రోజుల తరువాత టల్పహాకెన్‌కు చేరింది. వైజర్ వెంటనే పనివాళ్ళను పంపి చుట్టుపక్కల ఇళ్ళన్నిటికీ కబురు పెట్టాడు. మర్నాడు బెంజమిన్ స్పైకర్ అనే అతని ఇంటి దగ్గర దాదాపు 200 మంది గుమిగూడారు. కొందరి చేతిలో తుపాకులు, కొందరి చేతిలో కత్తులు, మిగిలినవారి దగ్గర గొడ్డళ్ళు, గడ్డి ఎత్తే పంగలకర్రలు, ఇంట్లో ఏది దొరికితే అది. ముప్పై మందికి ఒక దళంగా విడదీసి, ఎవరి కెప్టెన్‌ను వారినే ఎన్నుకోమన్నాడు. ప్రతి పదిమందికీ ఒక చిన్న నాయకుడు. కుర్ట్స్ అనే లూథరన్ పాస్టరును పిలిపించి ప్రార్థన చేయించాక నది వైపు కదిలారు, దారిలో సంఖ్య 300 దాటింది. కొండ కనుమలను కాపలా కాయడానికి యాభై మందిని వేరుగా పంపారు. ముందుకు వెళ్తే వెనుక ఇళ్ళు దిక్కులేనివవుతాయని తలచి చివరికి తమ ఊళ్ళను కాచుకోవడానికి తిరిగి వచ్చారు. వారికి జీతం లేదు, చట్టం లేదు, ఆ ఉదయం వరకు వారిలో చాలామంది సైనికులు కూడా కాదు. మీ కోడలి పూర్వీకుడు ఆ లోయవాడైతే, ఇంట్లో చెప్పుకునే మిలీషియా కథ బహుశా ఈ వారం నుంచే మొదలై ఉంటుంది.

ఆ కోపం ఎటు తిరిగిందో కూడా చెప్పాలి. మూడు వారాల తరువాత దగ్గరలోనే మళ్ళీ హత్యలు జరిగినప్పుడు నాలుగైదు వందల మంది వైజర్ చుట్టూ చేరి, శత్రువైనా మిత్రుడైనా సరే ఇండియన్ (అక్కడి ఆదివాసిని అప్పట్లో అలా పిలిచేవారు) నెత్తిచర్మం తెస్తే ఇంత అని వెల ప్రకటించమని పట్టుబట్టారు. తనకు ఆ అధికారం లేదన్నందుకు అతన్ని ఇండియన్ల పక్షపాతి, దేశద్రోహి అని తిట్టారు, కాల్చేస్తామని బెదిరించారు. నెల కిందట వారికి సేనాని అయిన మనిషే అతడు. మరుసటి ఏప్రిల్‌లో గవర్నరు ఆ వెల నిజంగానే ప్రకటించాడు: పన్నెండేళ్ళు దాటిన మగవాడి నెత్తిచర్మానికి 130 స్పానిష్ డాలర్లు, ఆడమనిషిదైతే 50. ఇవన్నీ మనవరాలికి ఎంతవరకు చెప్పాలన్నది మీ ఇష్టం కానీ, మీరు మాత్రం తెలుసుకునే రాయాలి.

1755 నవంబరులో బెంజమిన్ ఫ్రాంక్లిన్ చొరవతో శాసనసభ ఒక మిలీషియా చట్టం చేసింది. ఇష్టమున్నవారే చేరవచ్చు, అధికారులను తామే ఎన్నుకోవచ్చు. మరుసటి ఏడాది లండన్‌లో రాజు దాన్ని కొట్టివేశాడు. నిజంగా నిలబడినది ప్రొవిన్షియల్ రెజిమెంట్, అంటే కాలనీ తన ఖజానా నుంచి జీతమిచ్చి, గడువు పెట్టి చేర్చుకున్న సైన్యం. 1756లో దాని మొదటి పటాలానికి వైజర్ లెఫ్టినెంట్ కల్నల్ అయ్యాడు. బ్లూ మౌంటెన్ కొండల వెంట కట్టిన ఫోర్ట్ హెన్రీ, ఫోర్ట్ నార్త్‌కిల్ వంటి చిన్న కోటలకు ఆ పటాలమే కాపలా. కోట అనగానే గోల్కొండను ఊహించుకోకండి. అవి మొనదేల్చిన దుంగలు పాతిన దడి, లోపల రెండు మూడు కొయ్య ఇళ్ళు, అంతే. సైనికుల పనిలో ఎక్కువ భాగం కొండ అంచున కోట నుంచి కోటకు గస్తీ తిరగడం, గోధుమ కోతల వేళ రైతులు పొలంలో వంగి ఉన్నప్పుడు గట్టు మీద తుపాకీ పట్టుకుని నిలబడడం. కాపలా కాసేవారూ రైతుల కొడుకులే.

అదే లోయలో తుపాకీ పట్టనివారు కూడా ఉన్నారు. 1757 సెప్టెంబరులో నార్త్‌కిల్ దగ్గర జేకబ్ హోక్‌స్టెట్లర్ అనే రైతు ఇంటి మీద దాడి జరిగింది. ఆయన యుద్ధం చేయకూడదని నమ్మే ఆమిష్ అనే క్రైస్తవ శాఖవాడు. వేటలో గురితప్పని కొడుకులు తుపాకులు అందుకోబోతే, మనుషుల మీద ఎత్తకూడదని ఆయన ఆపాడు. భార్య, ఒక కొడుకు, ఒక కూతురు చనిపోయారు. ఆయననూ మరో ఇద్దరు కొడుకులనూ పట్టుకుపోయారు. అందుకే మీ కోడలి వంశం లూథరనా, రిఫార్మ్‌డా, లేక ఆమిష్, మెన్నోనైట్, డంకర్ శాఖలకు చెందినదా అన్నది ముందుగా అడగండి. చివరి మూడూ ఆయుధం పట్టని శాఖలు కనుక, వాటిలో ఒకటైతే సైనికసేవ కథ దాదాపుగా మరో కుటుంబం నుంచి, పెళ్ళి సంబంధం ద్వారా వచ్చి చేరినదై ఉంటుంది.

వైజర్ ఆరోగ్యం చెడి పటాలం విడిచాడు, 1758లో ఈస్టన్ సంధి సభకు మాత్రం వెళ్ళాడు. ఆల్బనీలో తాను కుదిర్చిన కొనుగోలులో చాలా భాగాన్ని కాలనీ ఆ సభలో ఇరొక్వాయ్‌లకు తిరిగి ఇచ్చివేసింది. 1760 జూలై 13న తన పొలంలోనే మరణించాడు. మరుసటి ఏడాది ఈస్టన్‌లో మళ్ళీ సభ జరిగినప్పుడు సెనెకా జార్జ్ అనే ఇరొక్వాయ్ వక్త, వైజర్ లేకపోవడంతో తాము చీకటిలో కూర్చున్నట్టుందని అన్నాడు. ఆ ఇల్లు, సమాధి వోమెల్స్‌డార్ఫ్‌లో ఉన్నాయి. మీరుండే చోటికి దగ్గరే కనుక పిల్లను ఒకసారి తీసుకువెళ్ళండి.

ఇప్పుడు మీ పని. 1727 నుంచి ఫిలడెల్ఫియాలో దిగిన జర్మన్ ఓడల మగవారు, పదహారేళ్ళు దాటినవారు, రాజభక్తి ప్రమాణం మీద సంతకం చేయవలసి వచ్చింది. ఆ జాబితాలు ఉన్నాయి. అయితే పేరు వెతకడంలో ఒక చిక్కు ఉంది. మన వైపు ఒకే ఇంట్లో వెంకట రమణ, వెంకట సుబ్బయ్య, వెంకట రత్నం ఉన్నట్టే, వారి ఇళ్ళలో అన్నదమ్ములందరూ యోహాన్‌లే. పిలిచే పేరు రెండవది. పైగా ఇంగ్లీషు గుమాస్తాలు చెవికి వినిపించినట్టు రాశారు, ష్నైడర్ స్నైడర్ అయ్యాడు, కొందరు జిమ్మర్‌మన్‌లు అనువాదం చేసుకుని కార్పెంటర్ అయ్యారు. రాయడం రాని చోట ఒక గుర్తు మాత్రమే ఉంటుంది. మీరు పంపిన ‘యోహాన్’ ఒక్కటే అయితే దానితో ఏమీ తేలదు.

ప్రొవిన్షియల్ సైన్యపు హాజరు పట్టీలు హారిస్‌బర్గ్‌లోని రాష్ట్ర పత్రాగారంలోనూ, అచ్చయిన సంపుటాలలోనూ దొరుకుతాయి. కొన్నిటిలో వయసు, పుట్టిన దేశం, వృత్తి కూడా రాసి ఉంటాయి. అక్కడ పేరు కనబడితే అతడు జీతం తీసుకున్న సైనికుడు. 1756లో మొదలైన రాయల్ అమెరికన్ రెజిమెంటులో కనబడితే అది రాజుగారి సొంత సైన్యం, దాన్ని మిలీషియా అనకూడదు. ఎక్కడా కనబడకపోతే కథ అబద్ధమని తేల్చకండి. స్పైకర్ ఇంటి ముందు పంగలకర్రలతో నిలబడిన 200 మంది పేర్లను ఎవరూ జాబితా కట్టలేదు.

కనుక పట్టీలకంటే ముందు టౌన్‌షిప్ (కౌంటీలోని చిన్న విభాగం) పేరు సంపాదించండి. 1750ల పన్ను జాబితాలు, లూథరన్, రిఫార్మ్‌డ్ చర్చీల బాప్తిస్మపు పుస్తకాలు టౌన్‌షిప్ తెలిస్తేనే తెరుచుకుంటాయి. బాప్తిస్మపు పుస్తకంలో సాక్షులుగా నిలబడినవారి పేర్లను కూడా రాసుకోండి, వారు సాధారణంగా తోబుట్టువులో, పక్క పొలంవారో అయి ఉంటారు. ఆ పొలం బ్లూ మౌంటెన్‌కు దక్షిణాన ఎన్ని మైళ్ళ దూరంలో ఉందో పటం మీద కొలిచి, టౌన్‌షిప్ పేరుతో పాటు నాకు రాయండి. 1756లో ఏ కోటవారు ఆ పొలం గట్టు మీద కాపలా కాశారో దాన్నిబట్టి కలిసి చూద్దాం.